కొలిచిన తర్వాత దూరిన గాలి

1985లో హన్మకొండ నుంచి సుబేదారికి వెళ్లే రోడ్డు మీద నాకొక చిన్న షాపు ఉండేది. ఆటో ఎలక్ట్రీషియన్ పని. అంటే బండ్ల డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, హారన్లు, లైట్ల వైరింగు చూసుకోవడం. ఎక్కువగా లారీలు, జీపులే వచ్చేవి. ఇంజన్ విప్పే పని మాది కాదు, పక్క షెడ్లలోని మెకానిక్‌లది. కానీ ఆ ఏడాది ఎండాకాలంలో ఒక వ్యాను వచ్చింది. దాని ఇంజన్ సగం కరెంటు మీదే నడుస్తుందని తెలిసి మెకానిక్‌లు చేతులెత్తేశారు. "ఇది సత్యం పని" అని నా దగ్గరికి తోలారు. నా పనిలో నేను చేసిన పెద్ద పొరపాటు ఆ బండి దగ్గరే జరిగింది. నేను బాగా నేర్చుకున్నదీ అక్కడే.

వ్యాను డాక్టర్ విమలగారిది. ఆమె తండ్రి వరంగల్‌లో ధాన్యం వ్యాపారి. ఆమె సుబేదారిలో చిన్న ప్రసూతి దవాఖాన నడుపుతూ, వారానికి రెండు రోజులు ఊళ్లకు వెళ్లి గర్భిణులను చూసి వచ్చేవారు. బస్సు దిగి మందుల పెట్టె పట్టుకుని ఎండలో నడిచే బిడ్డను చూడలేక తండ్రి హైదరాబాద్‌లో వేలానికి వచ్చిన ఈ విదేశీ వ్యాను కొనిచ్చాడు. వెనక ఒక స్ట్రెచర్, రెండు బెంచీలు పట్టేవి. ఇంజన్ ముందు ముక్కులో కాకుండా, డ్రైవర్ సీటుకూ పక్క సీటుకూ మధ్యన ఒక ఇనుప మూత కింద ఉండేది.

దాన్ని నడిపేది కొమురయ్య. వరంగల్ పక్క పల్లె మనిషి, యాభై ఏళ్లుంటాయి. ఇరవై ఏళ్లు లారీ తోలి, కళ్లు అలిసిపోతున్నాయని ఈ కొలువులో చేరాడు. నన్ను 'తమ్మీ' అనేవాడు, నేను 'కొమురన్నా' అనేవాణ్ని. ఆ చనువు మా మధ్య మొదటి రోజే వచ్చింది.

ఆ ఇంజన్‌కు కార్బురేటర్ లేదు. పెట్రోలును ఇంజెక్టర్లనే సన్నని గొట్టాలు చిమ్ముతాయి. ఎంత చిమ్మాలో ఒక కంట్రోల్ బాక్స్ నిర్ణయిస్తుంది. అందుకు ఇంజన్‌లోకి ఎంత గాలి పోతోందో దానికి తెలియాలి. ఆ సంగతి చెప్పేదే ఎయిర్ ఫ్లో మీటర్. చూడటానికి అల్యూమినియం డబ్బా. లోపల ఒక చిన్న రేకు తలుపు. ఇంజన్ పీల్చే గాలి ఆ తలుపును నెట్టుకుంటూ పోతుంది. గాలి ఎక్కువైతే తలుపు ఎక్కువ తెరుచుకుంటుంది. తలుపు ఇరుసుకు రేడియోలో వాల్యూమ్ తిప్పే భాగంలాంటిది ఒకటి ఉంటుంది. తలుపు కదిలిన కొద్దీ కరెంటు మారి బాక్స్‌కు కబురు పోతుంది. ఇంకొకటి కూడా ఉంది. తలుపు పూర్తిగా మూసుకుంటే లోపలి కాంటాక్ట్ విడిపోయి పెట్రోల్ పంపు ఆగిపోతుంది. బండి ఏదైనా గుద్దుకుని ఇంజన్ ఆగితే పెట్రోలు కారి మంట లేవకుండా చేసిన ఏర్పాటు అది.

ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. బండితో వచ్చిన పుస్తకం మాకెవరికీ రాని భాషలో ఉంది. బొమ్మలు చూసి, వైర్లు పట్టుకుని ఒక్కొక్కటీ వెతుక్కుంటూ, డబ్బా పైమూత తీసి తలుపును వేలితో కదిలిస్తూ, మల్టీమీటర్ ముల్లు కదలడం చూసి తెలుసుకున్నాను. ఆ రోజు నాకు కలిగిన సంబరం ఇప్పటికీ గుర్తుంది. వరంగల్ మొత్తంలో ఈ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే అనుకున్నాను. అసలు చిక్కంతా ఆ అనుకోవడంలోనే మొదలైంది.

వానాకాలం వచ్చింది. బండి ఒక వాగు దాటుతుండగా నీళ్లు ఎగిసి ఎయిర్ ఫిల్టర్‌లోకి పోయాయి. ఫిల్టర్, దాని పక్కనే మీటర్, రెండూ ముందు చక్రం వెనక బాగా కిందికి ఉండేవి. కాగితం ఫిల్టర్ తడిసి ముద్దయింది. మీటర్ తలుపుకు బురద అంటుకుంది. కొమురయ్య ఎడ్లతో బండిని గట్టుకు లాగించి తెచ్చాడు.

"సత్యంగారు, మేం పోయే తొవ్వల వాగులు తప్పవు. నీళ్లందనంత ఎత్తుల పెట్టడానికి వీలైతదా?" అని అడిగారు డాక్టరమ్మ.

"పెడతా అమ్మా, ఫికర్ చేయకండి" అన్నాను.

నేను చేసింది ఇది. ఫిల్టర్‌ను, మీటర్‌ను కలిపి పైకి తెచ్చి, డ్రైవర్ సీటు వెనక గోడకు బిగించాను. అక్కడి నుంచి ఇంజన్‌కు గాలి పోవడానికి రేకు పనివాడితో నాలుగడుగుల గొట్టం చేయించాను. గొట్టం ఇంజన్‌ను కలిసే చోట లారీ రేడియేటర్ రబ్బరు హోస్ ముక్క తొడిగి క్లిప్పు బిగించాను. ముందున్న ఏర్పాటులో మీటర్‌కూ ఇంజన్‌కూ మధ్య జానెడు రబ్బరు బెల్లోస్ ఉండేది. అకార్డియన్‌లా మడతలు మడతలుగా ఉండి, ఎటు కావాలంటే అటు వంగేది. దానికి ఒకచోట చిన్న పగులు వచ్చిందని తీసేసి అటక మీద పడేశాను. పుస్తకంలోని బొమ్మలో ముందు ఫిల్టర్, తర్వాత మీటర్, తర్వాత ఇంజన్. నేను ఆ వరుస మార్చలేదు. చోటు మాత్రమే మార్చాను. తప్పేముందనుకున్నాను.

బండి వాగులు దాటింది. నెల రోజులు హాయిగా నడిచింది. పక్క షెడ్ల మెకానిక్‌లు వచ్చి నా పని చూసి వెళ్లారు. నేను కూడా మూత ఎత్తి మరీ చూపించాను.

తర్వాత కొమురయ్య రావడం మొదలైంది.

"తమ్మీ, బండి ఆగుతాంది."

"ఎప్పుడు?"

"దిగుడుల బ్రేకు తొక్కంగనే సప్పుడు బంద్ అయితాంది. మల్ల సెల్ఫ్ కొడితే ఓసారి లేస్తది, ఓసారి లేవది."

"ప్రతిసారీనా?"

"లేదు. లోపల మంది ఉన్నప్పుడే. ఒట్టి బండైతే ఏం గాదు."

బ్రేకుకూ ఇంజన్‌కూ సంబంధం లేకపోలేదు. బ్రేకుకు బలమిచ్చే సర్వో అనే డబ్బా ఇంజన్ పీల్చే గాలితోనే పనిచేస్తుంది. అది లీకైతే బ్రేకు తొక్కినప్పుడు ఇంజన్ ఆగే వీలుంది. ఆ పైపు నొక్కిపట్టి చూశాను. అందులో దోషం లేదు. ప్లగ్గులు, పంపు, రిలే, ఎర్తు వైర్లు అన్నీ చూశాను. బండి తీసుకుని సుబేదారి చుట్టూ రెండు చుట్లు కొట్టాను. ఒక్కసారి కూడా ఆగలేదు. నేను నడిపింది ఒట్టి బండి, చదునైన రోడ్డు మీద, మెల్లగా బ్రేకు తొక్కుతూ. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు.

మూడోసారి వచ్చినప్పుడు నాకు విసుగొచ్చింది. ఆ రోజుల్లో కొందరు లారీ డ్రైవర్లు దిగుడు వస్తే డీజిల్ మిగులుతుందని ఇంజన్ బంద్ చేసి బండిని అలాగే వదిలేవారు. కొమురయ్య కూడా పాత అలవాటు మానలేదని, ఆగిన బండిని నా మీదికి తోస్తున్నాడని అనుకున్నాను. మొహం మీదే అడిగాను.

"కొమురన్నా, దిగుడుల తాళం తిప్పుతున్నవా ఏంది?"

ఆయన "లేదు తమ్మీ" అని మాత్రం అని, బండెక్కి వెళ్లిపోయాడు.

దసరా వెళ్లిన వారం అది. ఒక ఊరిలో సమ్మక్క అనే కూలి మనిషికి నొప్పులు మొదలయ్యాయి. తొలిచూలు. బిడ్డ అడ్డం తిరిగింది. డాక్టరమ్మ ఆమెను వ్యానులో పడుకోబెట్టి సుబేదారికి బయలుదేరారు. వెంట సమ్మక్క తల్లి, అత్త, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. దారిలో డోర్నకల్ వైపు వెళ్లే రైలు లైను దాటాలి. గేటు ముందు రోడ్డు బాగా కిందికి దిగుతుంది. మిట్టమధ్యాహ్నం వేళ గేటు పడింది. కొమురయ్య బ్రేకు తొక్కాడు. ఇంజన్ ఆగిపోయింది.

గూడ్సు బండి వెళ్లిపోయింది. గేటు లేచింది. వ్యాను లేవలేదు. సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ కూడా నీరసపడింది. లోపల సమ్మక్క కేకలు. వెనక ఆగిన బస్సులోంచి జనం దిగి తోశారు. పట్టాలు దాటించి అవతలి గట్టు దాకా తోశాక ఇంజన్ ఒక్క ఊపుతో లేచింది. అంతా కలిపి పావుగంటకు పైనే పట్టింది. దవాఖానకు చేరగానే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల పుట్టింది. చాలాసేపు ఏడవలేదు. ఆఖరికి ఏడ్చింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ నా షాపుకు వచ్చారు. ఎప్పుడూ కబురు పంపే మనిషి, స్వయంగా వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సత్యంగారు, ఒక్క మాట సూటిగ చెప్పండి. తప్పు బండిదా, మనిషిదా?"

నేను మూడుసార్లు చూశానని, బండిలో ఏ లోపమూ లేదని చెప్పాను. అక్కడితో ఆపితే సరిపోయేది. ఆపలేదు. "లారీ అలవాటమ్మా. దిగుడుల ఇంజన్ బంద్ చేస్తున్నడనుకుంటా" అన్నాను.

ఆమె మరేమీ అడగలేదు. ఆ సాయంత్రమే కొమురయ్యను కొలువు నుంచి తీసేశారని విన్నాను. మనసులో ఎక్కడో ఏదో గుచ్చుకుంది. కానీ చేతి నిండా పని ఉంది. మర్చిపోయినట్టే ఉండిపోయాను.

నాలుగు రోజుల తర్వాత షాపు తెరుస్తుంటే కొమురయ్య సైకిల్ దిగాడు. గొడవకు వచ్చాడనుకున్నాను. చేతిలో ఉన్న రెంచి కింద పెట్టలేదు.

"బంద్ చేసి దిగుడు దింపిన అని చెప్పినవట" అన్నాడు.

అవునన్నట్టు తల ఊపాను.

"లారీల ఇటుకలుంటయి తమ్మీ, వడ్లుంటయి. బంద్ చేసి వదిలిన రోజులున్నయి, లేవంట లేను. కని నొప్పులు పడే మనిషి వెనకాల ఉంటే బంద్ చేస్తనా? నాకు లేరా ఆడివిల్లలు?"

"అన్నా..."

"నా నౌకరి ముచ్చట ఇడిసిపెట్టు. ఇంకోటి దొరుకుతది. గా బండి మల్ల ఆగుతది. ఎవలు తోలినా ఆగుతది. గప్పుడు లోపల ఎవలుంటరో నీకు ఎరుకా, నాకు ఎరుకా?" అన్నాడు. "నువ్వు షాపుల చూసినవు. రోడ్డు మీద జూడలే. మూత తీసి నా పక్కన కూసో. నేను తోల్త, నువ్వు సూడు. గప్పుడు కూడ నా తప్పే అంటే, ఇగ నీ షాపు ముంగట నిలవడ."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ పెంచేవాణ్ని, ఆ కథ అక్కడే అయిపోయేది. కొలువు పోయిన మనిషి, ఆ కొలువు కోసం కాకుండా బండిలో ఎక్కబోయే ఎవరి కోసమో నా ముందు నిలబడి అడుగుతున్నాడు. సిగ్గేసింది. రెంచి కింద పెట్టి షాపు మూశాను. ఇద్దరం సైకిళ్ల మీద దవాఖానకు వెళ్లాం.

డాక్టరమ్మ వెంటనే ఒప్పుకోలేదు. కొత్త డ్రైవర్ సోమవారం నుంచి వస్తున్నాడని చెప్పారు. "ఒక్క పూట ఇవ్వండమ్మా. నాదే ఏదో పొరపాటు ఉందేమోనని అనుమానంగ ఉంది" అన్నాను. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చేతిలోని కాగితాలు నర్సుకిచ్చారు.

"పదండి. నేనూ వస్త."

బరువు లేకపోతే లాభం లేదన్నాడు కొమురయ్య. డాక్టరమ్మ నాన్నగారి దుకాణం దగ్గర ఆపి ఏడు వడ్ల బస్తాలు ఎక్కించాం. డాక్టరమ్మ వెనక బెంచీ మీద కూర్చున్నారు. నేను ఇంజన్ మూత తీసి పక్కన పెట్టి, గోనెపట్టా మడత మీద వెనక్కి తిరిగి కూర్చున్నాను. మొహానికి సెగ కొడుతోంది. పెట్రోలు వాసన. నా కళ్లు మీటర్ మీద, వైర్ల మీద, పంపు రిలే మీద ఉన్నాయి. ఏదో వైరు ఊడుతోందనే నా అనుమానం.

ఊరు దాటి పోయాక మొదటి దిగుడు వచ్చింది.

"సూస్తున్నవా?" అన్నాడు కొమురయ్య.

"సూస్తున్న."

బ్రేకు తొక్కాడు. ఇంజన్ తన రబ్బరు దిమ్మల మీద వేలెడంత ముందుకు ఒరిగింది. అది మామూలే, ఏ ఇంజనైనా ఒరుగుతుంది. కానీ గోడకు బిగించిన నా రేకు గొట్టం దానితో పాటు ఒరగలేదు. చివర్లో తొడిగిన హోస్ ముక్క ఒక పక్కకు పెదవిలా తెరుచుకుంది. స్స్ మని గాలి చప్పుడు. ఇంజన్ ఆగిపోయింది.

బండి కూడా ఆగింది. నేను వంగి చూసేసరికి ఇంజన్ వెనక్కి సర్దుకుంది. హోస్ మళ్లీ మూసుకుని, ఏమీ ఎరగనట్టు ఉంది. షాపులో మూడుసార్లు చూసినప్పుడు కూడా అది ఇలాగే ఉంది. తాకి చూస్తే వేడికి గట్టిపడి బెరడులా అయింది. రేకు అంచు దాన్ని లోపల కోసేసింది.

"ఇంకోసారి అన్నా."

ఇంకోసారి ఆగింది. మూడోసారి నేను గుడ్డ చుట్టుకుని ఆ అతుకును రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకున్నాను. "ఇప్పుడు తొక్కు, బాగ గట్టిగ తొక్కు" అన్నాను. తొక్కాడు. వెనక బస్తాలు జరిగాయి. డాక్టరమ్మ బెంచీ పట్టుకున్నారు. ఇంజన్ ఆగలేదు. చేయి చురుక్కుమంది, వదల్లేదు. ఇంకో రెండుసార్లు తొక్కించాను. రెండుసార్లూ ఇంజన్ ఆడుతూనే ఉంది.

రోడ్డు పక్కన ఆపమన్నాను. దిగి, డాక్టరమ్మ దిగేదాకా ఆగి చెప్పాను.

"అమ్మా, తప్పు బండిది కాదు. కొమురన్నది అసలే కాదు. నాది."

ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి కాస్త తంటాలు పడ్డాను. ఇంజన్ పీల్చే గాలి అంతా మీటర్ తలుపును నెట్టుకునే పోవాలి. నేను మీటర్‌ను దూరంగా పెట్టి, దానికీ ఇంజన్‌కూ మధ్య నాలుగడుగుల గొట్టం పెట్టాను. ఇంజన్ కదిలినప్పుడల్లా ఆ గొట్టం అతుకు తెరుచుకుంటోంది. దగ్గర దారి దొరికిందని గాలి అక్కడి నుంచే దూరుతోంది. మీటర్ గుండా పోవడం లేదు. మీటర్ తలుపు మూసుకుంటోంది. ఇంజన్ ఆగిందనుకుని పంపు ఆగిపోతోంది. గేటు ముందు దిగుడు మరీ ఎక్కువ కాబట్టి ఇంజన్ ఒరిగే ఉండి అతుకు మూసుకోలేదు, అందుకే ఆ రోజు పట్టాలు దాటేదాకా బండి లేవలేదు.

ఆమె వ్యాపారి కూతురు. "అంటే కాంటా అయినంక బస్తాల ఎవరో రెండు దోసిళ్లు పోసినట్టు. కాంటాకు తెలువదు" అన్నారు.

"అంతేనమ్మా."

"కాంటాకు ముందు పోస్తే?"

"ముందు ఎంత పోసినా లెక్కలకు వస్తది" అన్నాను. అనేసి, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నాకు కావలసిన జవాబు నా నోటి నుంచే వచ్చింది. మీటర్‌కు ముందు గొట్టం ఎంత పొడుగున్నా కొలతకు నష్టం లేదు. మీటర్ తర్వాత మాత్రం జానెడు కూడా ఎక్కువ ఉండకూడదు, ఉన్నది ఇంజన్‌తో పాటు వంగాలి. ఫిల్టర్ పైనే ఉండనివ్వాలి. మీటర్‌ను కిందికి, ఇంజన్ దగ్గరికి తేవాలి. ఆ బండి చేసినవాళ్లు పెట్టిన బెల్లోస్ గాలి గొట్టం మాత్రమే కాదు. కదిలే ఇంజన్‌కూ కదలని మీటర్‌కూ మధ్య అదొక సర్దుబాటు.

డాక్టరమ్మ అప్పటికే నన్ను వదిలేసి కొమురయ్య వైపు తిరిగారు. ఆయన బండికి ఆనుకుని బీడీ ముట్టించబోతూ ఆగాడు.

"కొమురయ్యా, నిన్ను ఒక్క మాట కూడ అడగలేదు నేను. అడగకుండనే పంపిన. తప్పైంది."

ఆయనకు ఎటు చూడాలో తెలియలేదు. "అయ్యో, గదేం మాటమ్మా" అని తల దించుకుని, "గా సమ్మక్క బిడ్డ పాలు తాగుతాందా అమ్మా?" అని అడిగాడు. ఆ నాలుగు రోజులూ ఆయన మనసులో ఏముందో అప్పుడు తెలిసింది.

"మంచిగ తాగుతున్నది. రేపు ఇంటికి పంపుతున్న. నువ్వే దింపి రావాలె" అన్నారామె.

"రేపు కాదమ్మా, ఎల్లుండి. ఈ బండిని రెండు రోజులు నాకివ్వండి" అన్నాను.

ఆ రెండు రోజులూ నేను వేరే బండి ముట్టలేదు. అటక మీది బెల్లోస్ దింపి, టైర్లకు వల్కనైజింగ్ చేసే ఒకతని దగ్గరికి తీసుకెళ్లాను. పగులు మీద కాన్వాసు వేసి, రబ్బరు ఉడికించి అతికించాడు. పాత చోటికంటే ఎత్తులో, నీళ్లు అందని దగ్గర బండి బాడీకి ఒక పట్టీ బిగించి, దాని మీద మీటర్‌ను నిలబెట్టాను. ఇంజన్‌కే బిగిస్తే దగ్గరగా ఉంటుంది కదా అనిపించింది. కానీ ఇంజన్ వణుకుకు తలుపు కూడా వణుకుతుంది, కొలత నిలవదు. అందుకే బాడీకి బిగించి, కింద రబ్బరు బిళ్లలు వేశాను. మీటర్ నుంచి ఇంజన్‌కు ఆ బెల్లోస్ ఒక్కటే. పైనున్న ఫిల్టర్ నుంచి మీటర్ దాకా రేకు గొట్టం.

అయినా మొదట స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ నిలకడగా ఆడలేదు. ఎగిరి, పడి, ఎగిరి, పడి ఒక లయలో ఊగింది. ఆగిపోవడం లేదు కానీ నచ్చలేదు. డబ్బా పైమూత తీసి చూస్తే తలుపు ఇరుసు వణుకుతోంది. నా గొట్టం చివర మోచేయిలా ఒక వంపు తిరిగి, వెంటనే మీటర్‌లోకి పోతోంది. వంపు తిరిగిన గాలి ఒక పక్కకు ఒరిగి, సుళ్లు తిరుగుతూ తలుపును కొడుతోంది. రేకు పనివాణ్ని మళ్లీ పిలిచి, వంపును వెనక్కి జరిపి, మీటర్‌కు ముందు మూరెడు గొట్టాన్ని తిన్నగా పెట్టించాను. వణుకు పోయింది. ఇంజన్ కుట్టు మిషన్‌లా ఆడింది. మీటర్‌కు ముందు తిన్నని దారి, వెనక గాలి చొరబడని పొట్టి దారి. ఆ రెండు సంగతులు పుస్తకంలో ఉండే ఉంటాయి. నాకు భాష రాలేదు. చెప్పినవాడి భాష వచ్చి కూడా వినలేదు.

మూడో రోజు పొద్దున కొమురయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అదే రోడ్డు మీదికి, అవే ఏడు బస్తాలతో తీసుకెళ్లాం. రైలు గేటు ముందు దిగుడులో ఆయన కావాలని వేగంగా వచ్చి గట్టిగా బ్రేకు తొక్కాడు. ఇంజన్ ఒరిగింది, బెల్లోస్ సాగింది, సర్దుకుంది. చప్పుడు మారలేదు. వెనక్కి తిప్పి మళ్లీ వచ్చాడు. మళ్లీ తొక్కాడు. ఎన్నిసార్లు చేశాడో లెక్క లేదు. గేటు కాపలా మనిషి బయటకు వచ్చి, "ఏమైంది అన్నా, బ్రేకులు పడతలేవా?" అని అడిగాడు.

"పడుతున్నయి" అని నవ్వాడు కొమురయ్య. "ఇంజనే పడతలేదు."

ఆ మధ్యాహ్నమే సమ్మక్కనూ పసిపిల్లనూ ఊళ్లో దింపడానికి వెళ్తూ షాపు ముందు ఆపాడు. ఇంజన్ ఆపకుండానే దిగి వచ్చాడు. నేను అప్పటిదాకా ఆయనకు సూటిగా ఏమీ చెప్పలేదని గుర్తొచ్చింది. "కొమురన్నా, నీ మీద అబద్ధం చెప్పిన. మనసుల పెట్టుకోకు" అన్నాను.

"అబద్ధం చెప్పలే నువ్వు. నీకు ఎరుక లేనిది చెప్పినవు" అన్నాడు. "ఎరుకైనంక దాసిపెట్టలే. రోడ్డు మీద ఆమె ముంగటనే ఒప్పుకున్నవు. గది సాలు." వ్యానులోంచి సమ్మక్క తల్లి కిటికీ పక్కకు జరిగి, పసిపిల్ల మొహం మీది గుడ్డ తీసి నాకు చూపించింది. నేనెవరో, ఆ పిల్ల రాకలో నా పాత్ర ఎంతో ఆమెకు తెలియదు. దండం పెట్టాను. ఏం అనుకుందో, ఆమె కూడా పెట్టింది.

ఆ వ్యాను ఆ తర్వాత నాలుగేళ్లు కొమురయ్య చేతి మీదే తిరిగింది. వేరే రోగాలు వచ్చాయి. క్లచ్ పోయింది, రేడియేటర్ కారింది. బ్రేకు తొక్కితే ఆగడం మాత్రం మళ్లీ లేదు. ఆ బండి మీద నాకు వచ్చిన పేరుతో ఇంజెక్షన్ ఇంజన్లున్న బండ్లు ఒకటీ అరా ఖమ్మం నుంచి, కరీంనగర్ నుంచి కూడా వచ్చాయి. వాటిలో ఎన్నో సెన్సర్లు, ఎన్నో చోట్ల ఉండేవి. ఒకదాన్ని కదిలించే ముందు, అది అక్కడే ఎందుకుందో, దానికీ అది కొలిచే దానికీ మధ్యన ఏముందో కాగితం మీద గీసుకునేవాణ్ని. అది ఎయిర్ ఫ్లో మీటర్ నేర్పిన పాఠం.

రెండోది కొమురయ్య నేర్పింది. నా దగ్గర మల్టీమీటర్ ఉంది, టెస్ట్ ల్యాంప్ ఉంది, బొమ్మల పుస్తకం ఉంది. ఆయన దగ్గర ఉన్నది ఒక్క మాటే. దిగుడులో, బరువున్నప్పుడు, బ్రేకు తొక్కితే. అందులో అక్షరం తప్పు లేదు. నేను ఆ మాటను కొలవలేదు, పక్కన పెట్టేశాను. అందుకని షాపుకు ఏ బండి వచ్చినా, ఎంత తొందరలో ఉన్నా, మూత ఎత్తే ముందు నడిపే మనిషిని రెండు మాటలు అడగడం అలవాటు చేసుకున్నాను. "ఎప్పుడు ఆగుతాంది అన్నా?" అనేది మొదటిది. అది ఎవరైనా అడుగుతారు. రెండోది అడగడానికే నాకు అన్నాళ్లు పట్టింది. "జర నన్ను ఎక్కించుకపోతవా?"